కారు ఇంజను: ఇంటివద్ద శుభ్రత, మరమ్మతు, రంగు

"పైన పటారము, లోన లొటారము" అని మన పెద్దలొక సామెత చెప్పిరి. ఇది మనుష్యులను గూర్చి పుట్టిన సామెతయే కాని, పాత కారు ఇంజనునకు రంగు వేయబూనిన ప్రతివారును దీనిని ఒక్కసారి తలచుకొనుట మంచిది. సెలవు దినమున ఇంటి ముంగిట కారు బానెట్టు ఎత్తి, ఇంజనును కడిగి, చిన్న చిన్న మరమ్మతులు చేసికొని, తుదకు చక్కని రంగు పూయవలెనను ఉత్సాహము పలువురకు కలదు. ఆ ఉత్సాహము మెచ్చదగినది. అయితే ఈ మూడు పనులలో ఏది ముందు, ఏది వెనుక, ఏది మన చేతనగును, ఏది కాదు అను వివేచన లేనిచో పడిన శ్రమ వ్యర్థమగును. ఒక్కొక్కప్పుడు అపాయమును కూడ తెచ్చును. ఈ సంగతి మేము గ్రంథములు చదివి తెలిసికొన్నది కాదు. కొండదారిలో నిలిచిపోయి తెలిసికొన్నది.

మా యింట ఒక పాత అంబాసిడరు కారు కలదు. మా మామగారు చాలకాలము వాడి మాకు అప్పగించిన బండి యది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారు నమూనాపై ఈ అంబాసిడరును బెంగాలులోని ఉత్తరపారా కర్మాగారమున 1950వ దశాబ్దపు చివర తయారు చేయ నారంభించిరి. 2014లో ఆ తయారీ నిలిచిపోయెను. చాలకాలము దానికి అమర్చిన పెట్రోలు ఇంజను నాలుగు సిలిండర్లది. 1489 ఘన సెంటీమీటర్ల పరిమాణము కలది. దాని దిమ్మయు, దిమ్మపై బిగించు హెడ్డును పోతయినుముతో చేయబడినవి. ఇంజను చుట్టును చేయి పట్టునంత చోటు కలదు. ఇంటివద్ద పని నేర్చుకొనదలచిన వారికి ఇంతకు మించిన పలక లేదు. ఈ ప్రసంగములో మేము చెప్పునదంతయు ఇట్టి పాత పెట్రోలు ఇంజనును గూర్చియే. నేటి కార్ల ఇంజనులపై ఎలక్ట్రానిక్ పరికరములు అనేకము లుండును. వాటిమీద నీరు పోసిన మొదటికే మోసము వచ్చును.

దోర్నాల దారిలో

2017వ సంవత్సరమున దసరా ఆయుధపూజనాటికి ఇంజను తళతళలాడవలెనని మాకు కోరిక పుట్టినది. రెండు దినములు మాత్రమే వ్యవధి యున్నది. పైపైని తుడిచి, చేయి అందినంతవరకు గీకి, అందనిచోట వదలివేసి, ఆకుపచ్చ రంగు దట్టముగా పూసితిమి. పూజకు వచ్చినవారందరును మెచ్చుకొనిరి. మేమును పొంగిపోయితిమి.

కార్తిక మాసమున మా తల్లిగారిని, పిల్లలను తీసికొని విజయవాడనుండి శ్రీశైలమునకు బయలుదేరితిమి. దోర్నాల దాటి నల్లమల ఘాటు ఎక్కుచుండగా ఉష్ణమాపకపు ముల్లు మెల్లగా పైకి లేచినది. దానిని చూచియు, మలుపు దాటిన దారి చదునగునేమోయను ఆశతో ఇంకను కొంతదూరము నడపితిమి. అది మా రెండవ తప్పు. బానెట్టు సందులనుండి ఆవిరి బుసకొట్టినది, బండి నిలిచినది. అది పులుల అభయారణ్యము. పొద్దు వాలుచున్నది. డెబ్బది దాటిన మా తల్లిగారు కారులో కూర్చుండి ఒక్క మాటయు అనలేదు. ఆ మౌనమే మాకు మిక్కిలి బరువైనది.

ఒక లారీ డ్రైవరు దయతలచి క్రిందికి కబురు చేర్చగా, దోర్నాలనుండి ఒక మెకానిక్కు వచ్చెను. అతడు ఇంజను ప్రక్కగోడమీద గుండ్రని బిళ్లవంటి చోటును స్క్రూడ్రైవరుతో గీకెను. ఆకుపచ్చ రంగు పెచ్చుగా లేచినది. దాని క్రింద ఎఱ్ఱని తుప్పు; తుప్పు నడుమ సూదిబెజ్జము; ఆ బెజ్జమునుండి నీరు.

"ఈ రంగు ఎవరు వేశారు సార్?" అని అతడు అడిగెను. మేమేయని చెప్పితిమి. "తుప్పు మీద వేశారు. రంగు లేకపోతే నెల కిందటే కనిపించేది" అనెను. బండిని లారీకి కట్టి దోర్నాలకు దింపి, ఆ రాత్రి సత్రములో గడపితిమి. నీరు లేక కాగుటచే హెడ్డు గాస్కెట్టు కూడ పాడైనది. పది రూపాయల బిళ్లతో పోవలసిన మరమ్మతు వేలమీదికి ప్రాకెను.

ఆ బిళ్లను కోరు ప్లగ్గు అందురు. ఇంజను దిమ్మను పోతపోయునపుడు లోపలి నీటి దారులు ఏర్పడుటకై ఇసుక అచ్చులు పెట్టుదురు. పోత ఆరిన పిదప ఆ ఇసుకను తీసివేయుటకు గోడలలో రంధ్రములుండును. ఆ రంధ్రములను పలుచని ఉక్కు బిళ్లలతో మూయుదురు. రేడియేటరులో మందు ద్రవము కలుపక వట్టి కుళాయినీరే పోయుచున్నచో ఈ బిళ్లలు లోపలినుండి తుప్పుపట్టి, తుదకు కాగితమువలె పలుచనై చిల్లిపడును. మేము పూసిన రంగు ఆ చిల్లిని మూయలేదు; కొన్ని దినములు దాచినది మాత్రమే. నాటినుండి మేము పెట్టుకొన్న నియమ మిది: మొదట చూచుట, పిమ్మట కడుగుట, మరల చూచుట, మరమ్మతు చేయుట, బండి నడపి పరీక్షించుట. రంగు ఈ అన్నిటికిని తరువాతనే.

పనికి పూర్వము

పెట్రోలు మండగా పుట్టిన వేడిలో ఇట్టి పాత ఇంజనులలో సుమారు నాలుగవ వంతు మాత్రమే పనిగా మారును. మిగిలిన వేడి పొగగొట్టము గుండ, రేడియేటరు గుండ, ఇంజను గోడల గుండ వెలికి పోవలసినదే. కావున ఇంజను ఏనాడును వేడికిని, నూనెకును, నీటికిని నడుమ బ్రతుకుచుండును. కారిన నూనెకు రోడ్డు దుమ్ము అంటుకొని గట్టిపడి తారువలె పేరుకొనును. ఈ పేరుకొన్న పొర వేడి పోవుటకు అడ్డు. అంతకంటె ముఖ్యముగా, తన క్రింద జరుగుచున్నదానిని కంటికి కనబడనీయదు.

పనికి గాలి ధారాళముగా వీచు బయటి చోటును ఎన్నుకొనవలెను. ఇంజను పూర్తిగా చల్లారవలెను. చక్రములకు రాళ్లు అడ్డుపెట్టి, బ్యాటరీ తీగలలో కారు శరీరమునకు బిగించిన తీగను మొదట విప్పవలెను. పని ముగిసిన తరువాత దానినే తుదకు బిగించవలెను. అట్లు చేసినచో పానా పొరపాటున ఇనుమునకు తగిలినను నిప్పురవ్వ లేవదు.

పెట్రోలుతో ఇంజనును కడుగు అలవాటు మనలో ఇంకను పోలేదు. దీనిని మానవలెనని గట్టిగా చెప్పుచున్నాము. పెట్రోలు ఆవిరి సున్న డిగ్రీలకు ఎంతో దిగువనే అంటుకొనగలదు. అనగా మన దేశములో ఏ ఋతువునందైనను అది నిప్పుకొరకు వేచియున్నట్లే. ఆ ఆవిరి గాలికంటె బరువైనది గనుక నేలమీద ప్రాకి వంటింటి పొయ్యివరకును పోగలదు. కిరసనాయిలు అంత తొందరగా అంటుకొనదు. అయినను దాని ఆవిరి సుమారు 38 డిగ్రీలవద్ద అంటుకొనదగిన స్థితికి వచ్చును. వైశాఖ, జ్యేష్ఠ మాసములలో విజయవాడ ఎండ ఆ మేరను దాటుట అందరెరిగినదే. కావున కిరసనాయిలుతో చేయు పనియైనను చలికాలపు ఉదయమున చేయుట మేలు. మోటారు సామాను దుకాణములలో నీటితో కడిగివేయదగిన డీగ్రీజరు ద్రవములు దొరకుచున్నవి. ఇంటివారికి అవియే ఉత్తమము. ఏది వాడినను చేతికి తొడుగులు, కంటికి అద్దములు ఉండవలెను. ప్రక్కన ఒక బకెట్టు ఇసుక ఉండవలెను. బీడీ, సిగరెట్టు దరిదాపులకు రాకూడదు.

మరియొక హెచ్చరిక. పాత బండ్ల గాస్కెట్లలోను, క్లచ్చి పలకలలోను, బ్రేకు లైనింగులలోను ఆస్బెస్టాసు ఉండెడిది. దాని ధూళి ఊపిరితిత్తులకు ప్రాణాంతకము. పాత రంగులలో సీసము ఉండుట కలదు. కావున పాత గాస్కెట్టును గాని, పాత రంగును గాని పొడిగా రుద్ది దుమ్ము లేపరాదు. తడిపి గీకి, ఆ పెచ్చులను సంచిలో కట్టి పారవేయవలెను. క్లచ్చి గదిలోని దుమ్మును నోటితో ఊదుట మెకానిక్కు షెడ్లలో తరచు కనిపించును. దానిని మన మనుకరింపరాదు.

కడుగుట

కడుగుటకు ముందు ఒక పావుగంట ఊరక చూడవలెను. ఎచ్చట పొడి మురికి యున్నది, ఎచ్చట తడి యున్నది, ఆ తడి ఎచ్చటనుండి క్రిందికి దిగుచున్నది అని గమనించి కాగితముమీద గుర్తు పెట్టుకొనవలెను. సెల్‌ఫోనుతో నాలుగు ప్రక్కల ఫోటోలు తీసికొనుట ఇంకను సులభము. తీగలు, గొట్టములు తిరిగి ఎక్కడివక్కడ బిగించుటకును అవి పనికివచ్చును. నూనె ఎప్పుడును క్రిందికిని, ఫ్యాను గాలికి వెనుకకును పోవును. కావున తడి కనబడిన చోట కాక, దానికి పైని, ముందరి భాగమున కారణమును వెదకవలెను.

పిమ్మట కార్బురేటరు నోటిని, డిస్ట్రిబ్యూటరును, కాయిలును, డైనమోను ప్లాస్టిక్ సంచులతో కప్పి దారముతో కట్టవలెను. నూనె పోయు మూత, నూనె కొలుచు కడ్డీ బిగుతుగా ఉన్నవో లేవో చూడవలెను. దట్టమైన మురికిని చెక్కబద్దతో గీకి, క్రింద పరచిన తట్టలో పడనీయవలెను. తరువాత డీగ్రీజరును క్రిందినుండి పైకి కుంచెతో పట్టించి, పది పదునైదు నిమిషములు నాననిచ్చి, మూలలను పాత పండ్లకుంచెతో తోమి, సన్నని ధారతో కడుగవలెను. సర్వీసు స్టేషను గొట్టమువంటి గట్టి ధార పనికిరాదు. అది నీటిని విద్యుత్తు భాగములలోనికిని, బేరింగులలోనికిని నెట్టును. వేడిమీదనున్న పోతయినుముపై చన్నీరు పోసినచో అది పగులవచ్చును. తొందరపడి చేసిన ఈ ఒక్క పొరపాటు ఇంజను హెడ్డునే బలిగొనును.

కడిగిన జిడ్డునీటిని మురుగుకాలువలోనికి పంపరాదు. వాడిన ఇంజను నూనె మన దేశపు 2016 నాటి నిబంధనల ననుసరించి ప్రమాదకర వ్యర్థము. రంపపుపొట్టులోనో, ఇసుకలోనో ఆ జిడ్డును పీల్పించి వేరుగా ఉంచవలెను. తీసిన నూనెను డబ్బాలో పట్టి, వాడిన నూనెను సేకరించు సర్వీసు స్టేషనున కప్పగించవలెను. పెరటి బావిగల యిండ్లవారు ఈ విషయమున మరింత జాగ్రత్త వహించుదురుగాక.

చూచుట

కడిగి ఆరిన ఇంజనును నడపి, ఒక నాలుగైదు దినములు తిరుగనిచ్చి, మరల బానెట్టు ఎత్తవలెను. ఇప్పుడు కనబడు ప్రతి చుక్కయు కొత్తదే. దాని జన్మస్థానమును దాచు మురికి లేదు.

పైని రాకరు కవరు అంచున నూనె కనబడినచో దాని క్రింది బెండు గాస్కెట్టు ఎండిపోయినదని యర్థము. ప్రక్కగోడమీది టాపెట్ల మూతలవద్ద కనబడినను కారణ మదియే. క్లచ్చి గది అడుగుననుండు రంధ్రమునుండి ఒకటి రెండు చుక్కలు పడుట ఈ జాతి ఇంజనులకు స్వభావము. ధారగా కారినచో మాత్రము చింతింపవలెను. తుప్పురంగు చారలు, తెల్లని ఉప్పు మరకలు కనబడినచో అవి నీటి జాడలు. కోరు ప్లగ్గులను, వాటరు పంపు అడుగును, గొట్టముల మెడలను ఒక్కొక్కటిగా వ్రేలితో తడవి చూడవలెను. నూనె మూత లోపల మీగడవంటి పదార్థము ఎక్కువగా అంటియున్నచో నీరును నూనెయు కలియుచున్నవేమోయని అనుమానింపవలెను.

పొగయు సాక్ష్యము చెప్పును. నీలిపొగ నూనె మండుటకును, నల్లపొగ పెట్రోలు మితిమీరుటకును, ఇంజను వేడెక్కిన తరువాత కూడ విడువని తెల్లపొగ నీరు లోపలికి పోవుటకును గుర్తులు. స్పార్కు ప్లగ్గులను విప్పి వరుసగా పేర్చినచో, కపిలవర్ణము ఆరోగ్యము. పొడి మసి పెట్రోలు ఎక్కువనుట. జిడ్డు తడి నూనె వచ్చుచున్నదనుట. సున్నమువంటి తెలుపు వేడిమి ఎక్కువనుట.

మా వృత్తి వినుటకును, వినిపించుటకును సంబంధించినది. కావున ఇంజనును వినవలెనని చెప్పుటలో మాకు కొంత ఉత్సాహమున్నది. పొడవైన స్క్రూడ్రైవరు కొనను ఇంజనుమీద నుంచి, పిడిని చెవికి ఆనించినచో వైద్యుని స్టెతస్కోపువలె పనిచేయును. పైని టకటకయను చిరుశబ్దము టాపెట్లది. క్రిందినుండి బరువు లాగునపుడు వచ్చు దడదడ బేరింగులది. మొదటిది ఇంటిపని, రెండవది వర్కుషాపు పని. ఇట్లు వినునపుడు పైపంచె, వ్రేలాడు చొక్కా ఫ్యానునకు దూరముగా ఉండవలెను.

మన చేతిలోని మరమ్మతులు

ఇంటివద్ద చేసికొనదగినవి కొన్ని కలవు. రాకరు కవరు గాస్కెట్టు మార్చుట, గొట్టములు, వాటి క్లిప్పులు మార్చుట, ఫ్యాను బెల్టును సరిచేయుట, ప్లగ్గులను, డిస్ట్రిబ్యూటరు పాయింట్లను శుభ్రపరచుట, టాపెట్లను సర్దుట, నూనెయు, నూనె ఫిల్టరును మార్చుట. ఇవన్నియు ఓపికగల గృహస్థుడు చేయగలడు. బెండు గాస్కెట్టు వేసి నట్లను అతిగా బిగించినచో రేకుమూత వంగి, కారుడు ఎక్కువగును. బెల్టును పొడవైన చోట బొటనవ్రేలితో నొక్కిన సుమారు అర అంగుళము లోపలికి పోవలెను. ప్లగ్గు సందు సుమారు 0.6 మిల్లీమీటరు, పాయింట్ల సందు 0.35 నుండి 0.40 మిల్లీమీటరు. వాల్వుల సందునకు మాత్రము ఆ బండి పుస్తకములోని అంకెనే ప్రమాణముగా గైకొనవలెను.

టాపెట్లు సర్దుటలో ఒక చక్కని లెక్క కలదు. ఎనిమిది వాల్వులకును ముందునుండి ఒకటి మొదలు ఎనిమిది వరకు అంకెలు వేసికొనుడు. ప్లగ్గులు విప్పి, ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పుడు. ఎనిమిదవ వాల్వు పూర్తిగా తెరచుకొని యున్నపుడు ఒకటవ దాని సందును ఫీలరు గేజితో కొలువవలెను. ఏడవది తెరచుకొన్నపుడు రెండవది. ఆరవది తెరచుకొన్నపుడు మూడవది. ఐదవది తెరచుకొన్నపుడు నాలుగవది. మిగిలిన నాలుగును ఇట్లే, తారుమారుగా. తెరచుకొన్న వాల్వు అంకెయు, కొలుచు వాల్వు అంకెయు కలిపిన ఎల్లప్పుడును తొమ్మిదియే. పిల్లలకు ఈ లెక్క అప్పగించినచో వారు తప్పక ఒప్పగింతురు.

నేటి పెట్రోలు నాటి పెట్రోలు కాదను సంగతియు మనము గుర్తుంచుకొనవలెను. మన దేశములో సీసము కలిపిన పెట్రోలు 2000వ సంవత్సరముతో తొలగిపోయినది. అది ప్రజారోగ్యమునకు గొప్ప మేలు. కాని పాత ఇంజనులలో ఆ సీసము పొగ వాల్వు కూర్చుండు చోటులను అరుగకుండ కొంత కాపాడుచుండెడిది. గట్టిలోహపు ఉంగరములు వేయని పాత హెడ్డులలో ఆ చోటులు అరిగి, వాల్వు సందు మాటిమాటికి తగ్గిపోవును. అట్లు తగ్గుచున్నచో హెడ్డును లేతు వర్కుషాపులో చూపించి కొత్త ఉంగరములు వేయించుట యుక్తము. 2023లో 20 శాతము ఎథనాలు కలిసిన పెట్రోలు మన బంకులలో ప్రవేశించినది. పాత రబ్బరు గొట్టములను, పెట్రోలు పంపులోని పొరను ఎథనాలు క్రమముగా మెత్తబరచి చెడగొట్టును. కావున ఇంజను కడిగిన దినముననే పెట్రోలు గొట్టములను వంచి చూచి, బీటలున్నచో ఎథనాలునకు ఓర్చు కొత్త గొట్టములను వేయవలెను. వేడి ఇంజనుమీద పెట్రోలు చుక్క పడుటయనగా కారు కాలిపోవుటయే.

రేడియేటరులో వట్టినీటికి బదులు తుప్పు పట్టనీయని కూలెంటు ద్రవము కలిపి పోయవలెను. దోర్నాలలో మేము కొన్న పాఠ మిదియే. ఆ ద్రవములలో సాధారణముగా నుండు ఇథిలీన్ గ్లైకాలు తియ్యగా నుండు విషము. పిల్లలకును, పెంపుడు జంతువులకును అందకుండ దాచవలెను. వేడిమీదనున్న రేడియేటరు మూతను ఎన్నడును విప్పరాదు.

ఇక మన చేతిలో లేనివి. కంప్రెషను గేజితో ఒక్కొక్క సిలిండరు ఒత్తిడిని కొలిచినపుడు ఒకటి మిగిలినవాటికంటె బాగుగా తక్కువ చూపినచో, ప్లగ్గు రంధ్రమున ఒక చెంచా నూనె పోసి మరల కొలువవలెను. ఒత్తిడి పెరిగినచో పిస్టను రింగులు అరిగినవని, పెరుగనిచో వాల్వులలోనో గాస్కెట్టులోనో లోపమని గ్రహింపవచ్చును. ఇంతవరకు పరీక్ష మనది. హెడ్డు విప్పి బిగించుటకు నట్లను నడుమనుండి అంచులకు వరుసగా, కొలతగల పానాతో, పుస్తకములో చెప్పిన బిగువునకు బిగించవలెను; అనుభవజ్ఞుడు ప్రక్కన లేక మొదటిసారి దీనికి పూనుకొనరాదు. పిస్టనులు, బేరింగులు, క్రాంకు కడ్డీ వర్కుషాపునకు పోవలసినవి. మన హద్దును మనము తెలిసికొనుట చేతకానితనము కాదు.

రంగు వేయుట

మరమ్మతులైన తరువాత కొన్ని వందల కిలోమీటర్లు నడచి, ఎచ్చటను కొత్త తడి కనబడనిచో అప్పుడు రంగుమాట తలపెట్టవచ్చును. రంగు ఇనుమునకు అంటవలెను గాని నూనెకు అంటదు. తీగ కుంచెతో తుప్పును రాల్చి, తడిపిన గరుకు కాగితముతో రుద్ది, కడిగి ఆరనిచ్చి, థిన్నరు తడిపిన తెల్లగుడ్డతో తుడువవలెను. గుడ్డ తెల్లగా నిలుచువరకు తుడుచుచునే యుండవలెను. నీటిచుక్క పూసవలె ఉండలు కట్టినచో జిడ్డు ఇంకను ఉన్నది. పలుచగా పరచుకొన్నచో పోయినది.

ఇంజను దిమ్మ సుమారు నూరు డిగ్రీల వేడికి ఓర్వవలెను. కావున తలుపులకు, కిటికీలకు వేయు రంగు పనికిరాదు. వేడికి నిలుచు ఇంజను ఎనామిలు కావలెను. పొగ వెడలు మానిఫోల్డు కొన్ని వందల డిగ్రీలకు కాగును. దానికి ప్రత్యేకమైన వేడిరంగు వేయవలెను, లేదా వదలివేయవలెను. తుప్పు నివారక ప్రైమరు ఒక పూత, దానిపై రంగు రెండు పలుచని పూతలు చాలును. ఒక్కటే దట్టముగా పూసినచో మా ఆకుపచ్చ రంగువలె పెచ్చులై లేచును. లేతరంగు వేయుట మేలు. నల్లని చుక్క దానిమీద దాగలేదు.

రంగు తగులరానివి కొన్ని కలవు. అన్నిటికంటె ముఖ్యము ఇంజను నంబరు. సొంత కారునకు పదునైదేండ్లు నిండిన పిదప రిజిస్ట్రేషను పునరుద్ధరణకై బండిని తనిఖీకి తీసికొనిపోవునపుడు ఆ నంబరు స్పష్టముగా చదువబడవలెను. రంగుతో పూడిపోయిన నంబరు లేనిపోని అనుమానములకు తావిచ్చును. కాబట్టి దానిపై ముందుగనే అంటుకాగితము అతికించవలెను. ప్లగ్గుల పింగాణి, రబ్బరు గొట్టములు, బెల్టు తిరుగు గాడులు, ఇంజను ఊపిరి రంధ్రము, గాస్కెట్టు కూర్చుండు అంచులు, ఇంజనునుండి శరీరమునకు పోవు భూతీగ బిగించు చోటు కూడ ఇట్లే కప్పవలెను. భూతీగ క్రింద రంగు చేరినచో విద్యుత్తు సరిగా ప్రసరింపక బండి మొరాయించును. రేడియేటరు రేకులమీద దట్టమైన రంగు వేడిని వెలికి పోనీయదు.

పూతలు ఆరిన తరువాత ఇంజనును పది నిమిషములు నడపి, చల్లార్చి, మరల నడపి, క్రమముగా రంగును గట్టిపడనీయవలెను. ఈ పనిని మూసిన షెడ్డులో ఎన్నడును చేయరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది మనిషిని నిదురపుచ్చినట్లే చంపివేయును.

ఇవన్నియు పాటించి మేము రెండవమారు ఇంజనునకు రంగు వేయుటకు నాలుగు నెలలు పట్టినది. కోరు ప్లగ్గులన్నిటిని మార్పించితిమి. ఈమారు లేత బూడిదరంగు వేసితిమి. ఆయుధపూజకు వచ్చినవారు మునుపటి ఆకుపచ్చయే బాగుండెననిరి. మేము చిరునవ్వుతో ఊరకుంటిమి. మరుసటి కార్తికమున మా తల్లిగారు మరల శ్రీశైలము మాట ఎత్తిరి. బయలుదేరుటకు ముందు మా అబ్బాయి టార్చిలైటు పట్టుకొని కోరు ప్లగ్గులను ఒక్కొక్కటిగా తడవి, పొడిగా నున్నవని చెప్పెను. దోర్నాలలో మెకానిక్కు షెడ్డుముందు ఆగి, అతనికి నమస్కరించి, ఘాటు ఎక్కితిమి. ముల్లు నడుమనే నిలిచినది.